తేట పూసిన మెడ

ఖాసింపీరా మెడలో ఆ ఉబ్బును మొదట చూసింది అతని భార్య మౌలాబీ. చీరాల దగ్గర ఒక పెళ్ళిలో తాళి కట్టే వేళకు అతను నాదస్వరం మీద గట్టిమేళం అందుకున్నాడు. శ్రుతిపెట్టె ముందు కూర్చున్న మౌలాబీ ఎందుకో తల తిప్పింది. భర్త మెడ అడుగున, ఎడమవైపు కాలర్ ఎముకకు కాస్త పైన, నిమ్మకాయంత బుడిపె లేచి ఉంది. అక్షింతలు పడ్డాయి. అతను వాద్యం దించాడు. బుడిపె మాయమైంది.

“మెడలో అదేందయ్యా?” అంది ఆమె భోజనాల దగ్గర.

అతను తడిమి చూసుకున్నాడు. “ఏమీ లేదే.”

“ఇప్పుడు లేదు. ఊదేటప్పుడు ఉంది.”

“అట్టాగా,” అని పెరుగన్నం కలుపుకున్నాడు.

ఖాసింపీరా తీరే అంత. తాతల నాటి నుంచి నాదస్వరమే ఆ ఇంటి విద్య. వాద్యం చేతిలో ఉన్నంతసేపూ మనసులో ఉన్నదంతా చెప్పగల మనిషి, అది పక్కన పెట్టాక పెదవి విప్పడు. ఎవరేమన్నా అతని జవాబు ఒకటే, “అట్టాగే.” పెళ్ళివాళ్ళు గంటల తరబడి ఎండలో నిలబెట్టినా అట్టాగే. డోలు వాయించే బావమరిది బాజీ ఏ ఊరి మేళం ఒప్పుకుని వచ్చినా అట్టాగే. అంత నెమ్మదస్తుడు దొరకడం తన అదృష్టమని మౌలాబీ చుట్టాల్లో చెప్పుకుని మురిసిపోయేది.

ఆ ఏడాదంతా బుడిపె పెరుగుతూ వచ్చింది. తర్వాత ఊపిరి తెగడం మొదలైంది. రాగాలాపన మంచి పట్టులో ఉండగా సగం స్వరంలో గాలి ఆగిపోయేది. బాజీ గబుక్కున డోలు అందుకుని ఆ ఖాళీని పూడ్చేవాడు. “లోపల ఎవరో పగ్గం పట్టి గుంజినట్టు ఉంటంది,” అన్నాడు ఖాసింపీరా ఒకరోజు. అతను తనంత తానుగా ఒక బాధ చెప్పడం మౌలాబీ ఎరగదు. మర్నాడే గుంటూరు రైలెక్కించింది.

గుంటూరులో ఒక మెడికల్ కాలేజీ ఆస్పత్రి. మెడ ఆపరేషన్లు చేసే డాక్టర్ నరహరి రకరకాల స్కాన్లు తీయించాడు. పడుకుని ఉంటే బుడిపె రాదు. ముక్కు మూసుకుని ఊపిరి బిగబట్టమన్నా రాదు. అది నాదస్వరం ఊదినప్పుడే వస్తుంది, స్కాను గొట్టంలో పడుకుని నాదస్వరం ఊదడం కుదరదు.

“మెడ అడుగు భాగం చాలా ఇరుకు చోటండీ,” అన్నాడు నరహరి. “తలకు రక్తం పోయే ధమని, తిరిగొచ్చే సిర, గొంతు పలికించే నరం, ఊపిరితిత్తుల కిందున్న పొరకండరాన్ని కదిలించే నరం, థైరాయిడ్ గ్రంథి, అన్నీ బెత్తెడు జాగాలో ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఉబ్బేది ఏదో తెలియకుండా కత్తి పెట్టలేను. ఊపిరి నరం తెగిందనుకోండి, మీరు నడుస్తారు, తింటారు, మాట్లాడతారు. సన్నాయి మాత్రం ఊదలేరు.”

“అట్టాగేనండీ,” అన్నాడు ఖాసింపీరా.

మౌలాబీకి ఒళ్ళు మండింది. “ఏందయ్యా అట్టాగే! ఇంకో దారేమీ లేదాండీ?”

నరహరి వాళ్ళను పై అంతస్తుకు తీసుకెళ్ళాడు.

అక్కడ డాక్టర్ తిలోత్తమ ప్రయోగశాల ఉంది. ఆవిడ విద్యార్థులకు శరీర నిర్మాణం బోధిస్తుంది. మిగతా సమయమంతా ఒకే మందు మీద పనిచేస్తూ వచ్చింది. దానికి ప్రయోగశాలలో అందరూ పెట్టుకున్న పేరు ‘తేట.’

ఆవిడ సంగతి వివరించకుండా ముందు మిరపకాయ బజ్జీలు తెప్పించింది. అందరూ తిన్నాక పొట్లం కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది. నూనె ఇంకిన చోట వెనకవైపు అక్షరాలు ఇటువైపుకు కనిపిస్తున్నాయి.

“కాగితం పోగుల మధ్య గాలి ఉంటుంది. వెలుగు అక్కడ చెదిరిపోతుంది, అందుకే కాగితం తెల్లగా కనబడుతుంది. నూనె ఆ సందులు నింపేస్తే వెలుగు తిన్నగా పోతుంది. మన చర్మంలోనూ పోగులే, మధ్యన నీళ్ళు. నా మందు ఆ సందులు నింపుతుంది.”

ఆవిడ తన ముంజేతికి పసుపుపచ్చని మందు రాసి రుద్దింది. చేయి ముందు పసుపు పూసినట్టయింది, తర్వాత ఆ పసుపూ పోయి, చర్మమూ పోయి, నీలి సిరలు, ఎర్రటి కండరాలు, తెల్లటి నరాలు చెరువు అడుగున గులకరాళ్ళలా కనబడ్డాయి. మౌలాబీ గుండె మీద చెయ్యి వేసుకుంది.

“ఇది మళ్ళీ మామూలు అయిద్దాండీ?”

“ఉప్పునీళ్ళతో కడిగితే పోతుందమ్మా. నా చేతి మీద ఎన్నిసార్లు చేసుకున్నానో.” ఆవిడ కడుక్కుంది. చర్మం తిరిగొచ్చింది.

అనుమతులన్నీ వచ్చాక ఒక ఉదయం ఖాసింపీరాను ఆ గదిలో చాప మీద కూర్చోబెట్టారు. అంతకుముందు నరహరి అతనికి నెయ్యి బాగా వేసి భోజనం పెట్టమన్నాడు. తిన్న కొవ్వును రక్తంలో కలిపే సన్నటి నాళం ఒకటి సరిగ్గా ఆ మూలనే ఉంది. అది ఖాళీగా ఉంటే కంటికి ఆనదు, కోతలో తెగినా తెలియదు. మౌలాబీ ముద్దపప్పులో నెయ్యి పోసి, “ఆస్పత్రిలో ఇట్టాంటి పథ్యం పెడతారని తెలిస్తే ముందే వచ్చేవాళ్ళం,” అంటూ భర్తకు వడ్డించింది.

తిలోత్తమ మెడకు తేట పట్టించింది. చర్మం, కింది కొవ్వు, పైపొర కండరం కరిగినట్టు మాయమయ్యాయి. మధ్యన గాలిగొట్టం, దాన్ని రెండువైపులా హత్తుకున్న ముదురెరుపు థైరాయిడ్ గ్రంథి. ఆ పక్కన ధమని కొట్టుకుంటోంది. దాన్ని ఆనుకుని వెడల్పాటి నీలి సిర ఊపిరి పీల్చినప్పుడు సన్నబడుతూ, వదిలినప్పుడు నిండుతూ ఉంది. ఒక మూల పాలపోగులాంటి నాళం నెమ్మదిగా సిరలోకి దిగుతోంది. “మీ పప్పూ నెయ్యీ అదేనమ్మా,” అన్నాడు నరహరి. మౌలాబీ తన వంటను ఆ విధంగా ఎప్పుడూ చూసుకోలేదు.

“ఊదండి, పీరా గారూ.”

అతను నాదస్వరం పీక తడుపుకుని తోడి రాగం అందుకున్నాడు. గది చిన్నది, నాదం పెద్దది, గాజుసీసాలు సన్నగా వణికాయి. స్వరం పైకి వెళుతుండగా నీలి సిర ఒకచోట గోడ పలచబడి బుడగలా ఉబ్బింది. ఆ వెనక కండరం మీద వాలుగా తెల్లటి దారమొకటి పైనుంచి ఛాతీలోకి దిగుతోంది. బుడగ పెరిగేకొద్దీ దారం పక్కకు వంగింది, సాగింది, విల్లుకు కట్టిన తాడులా బిగిసింది. అతని ఊపిరి ఆగింది.

“దొరికింది,” అంది తిలోత్తమ, కుర్చీ పట్టుకుని.

“ఊపిరి నరం,” అన్నాడు నరహరి. “సిర ఉబ్బి దాన్ని లాగుతోంది. ఏదీ కోసి పారెయ్యక్కర్లేదు. సిరకు ఒక తొడుగు వేస్తే చాలు.”

ఆపరేషన్ కూడా తేట పూసే చేశారు. సిర పలచబడ్డ చోటు అనుకున్నదానికంటే కిందికి ఉండటంతో పని చాలాసేపు పట్టింది. దీపాల కింద మందు ఆరిపోతుంటే తిలోత్తమ మళ్ళీ మళ్ళీ పూసింది. నరం మీద గోరంత గాయం కాకుండా తొడుగు పడింది. నరహరి బయటికొచ్చి, “ఇంక ఎంత పొడవు స్వరమైనా పట్టొచ్చమ్మా,” అన్నప్పుడు మౌలాబీ అతని చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఉప్పునీళ్ళతో కడిగారు. చర్మం తిరిగి రాలేదు.

మర్నాటికి వస్తుందన్నారు. ఆ వారానికి వస్తుందన్నారు. తిలోత్తమ రోజూ ఏదో ఒక సీసా పట్టుకొచ్చి పూసి, కడిగి, నిద్రలేని ముఖంతో వెళ్ళేది. దీపాల వేడికి మందు చర్మపు పోగులకు అతుక్కుపోయిందని చివరికి తేలింది. ఖాసింపీరా మెడ అడుగున ఎడమవైపు అరచేతి వెడల్పున ఒక కిటికీ మిగిలిపోయింది. కుట్లు పడిన గీత ఒకటే దాని మీద గాజు మీద గీరినట్టు తెల్లగా కనిపించేది.

ఇంటికి వచ్చాక కొన్నాళ్ళు అదో పండగలాగే గడిచింది. ఖాసింపీరా నాదస్వరం మునుపెన్నడూ లేనంత గొప్పగా పలుకుతోంది. ఊపిరి తెగే భయం పోయి అతను కల్యాణిలో విహరిస్తుంటే బాజీ డోలు మీద చెయ్యి ఆగిపోయేది. ఎండ లోపలి నరాలకు తగలకూడదు కనక బయటికి వెళితే మెడకు కండువా చుట్టుకోవాలి, అంతకుమించి ఇబ్బంది లేదు. పేటలో పిల్లలు అరుగు మీదికి చేరి, “తాతా, ఒకసారి మింగవా,” అని బతిమాలేవాళ్ళు. అట్టాగే అని మింగేవాడు. వాళ్ళు కేరింతలు కొట్టేవాళ్ళు.

కానీ పెళ్ళిళ్ళలో చెవులు పోయి కళ్ళు మిగిలాయి. పందిట్లో ఎవరో ఒకరు కండువా తీయమనేవారు. ఫోన్లు లేచేవి. కల్యాణి ఎంత బాగా వాయించినా చప్పట్లు మెడకే. ఒంగోలు దగ్గర ఒక పెళ్ళికూతురు పీటల మీద అతన్ని చూసి కళ్ళు మూసుకుంది, మళ్ళీ తెరవడానికి చాలాసేపు పట్టింది. ఖాసింపీరా కండువా ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

ఇంట్లో సంగతి వేరు. మౌలాబీ ఆ కిటికీని చదవడం నేర్చుకుంది. “మాత్ర ఏసుకున్నావా?” అంటే “ఆఁ” అనేవాడు, ధమని ఒక్క ఎగురు ఎగిరేది. ఆమె నవ్వుకుంటూ మాత్ర తెచ్చి చేతిలో పెట్టేది. మొదట్లో అది ఇద్దరికీ సరదాగానే ఉండేది.

ఒక ఉదయం బాజీ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. “బావా, వచ్చే ఆదివారం రెండు ముహూర్తాలు ఒప్పుకున్నా. పొద్దున వేటపాలెం, మధ్యాహ్నం రేపల్లె. బండి మాట్లాడా.”

“అట్టాగే,” అన్నాడు ఖాసింపీరా.

మౌలాబీ చూసింది. అతని ముఖం ప్రశాంతంగా ఉంది. ముఖం కింద మాత్రం ధమని తలుపు బాదినట్టు కొట్టుకుంటోంది. సిర బిగిసింది. గొంతు దగ్గర ఏదో పైకి వచ్చి, కిందికి దిగింది.

“ఆయనకు ఇష్టం లేదు బాజీ,” అంది ఆమె.

“బావ అట్టాగే అన్నాడు గదక్కా.”

“నోటితో అన్నాడు. ఇక్కడ చూడు, కొట్టుకుంటంది. ఒంట్లో ఓపిక లేదు, నీతో చెప్పలేడు.”

ఖాసింపీరా లేచి నిలబడ్డాడు. “నేను చెప్పనిది నువ్వెందుకు చెప్తావు?” అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆ ఇంట్లో అతని గొంతు అంత పైకి లేవడం ఎవరూ వినలేదు. బాజీ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆనాటి నుంచి అతను ఇంట్లోనూ కండువా తీయలేదు. తింటున్నా, మంచం మీద ఒరిగినా మెడకు గుడ్డే. మౌలాబీ రెండుమూడు రోజులు ఊరుకుని, చివరికి పక్కన చేరింది.

“నేను అబద్ధం చెప్పానా?”

“లేదు. ఉన్నదే చెప్పావు.” అతను మాటలు వెతుక్కున్నాడు. “లోపల పుట్టినయ్యన్నీ మాటలు కావు మౌలాబీ. కొన్ని పుట్టి, కాసేపు ఉండి, పోతయి. కోపం వచ్చిద్ది, పోద్ది. అది పోయేదాకా నాకో చోటుండాల. ఆ చోటు నువ్వు నలుగురికీ చూపిస్తే నేనేడికి పోను?”

“మరి నీకేం కావాలో నాకెట్టా తెలిసిద్ది?”

“అడుగు.”

“అడిగితే అట్టాగే అంటావు గదా!”

అతను ఆమె చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. మౌలాబీ కండువా వైపు చూడకుండా అతని ముఖం వైపే చూస్తూ కూర్చుంది. పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో అట్లా చూసింది.

తర్వాతి వారం తిలోత్తమ చీరాలలో వాళ్ళింటికి వచ్చింది. ప్రయోగాన్ని కాలేజీ కమిటీ ఆపేసింది. ఆవిడ టీ గ్లాసు తాగకుండానే పక్కన పెట్టింది.

“నా చేతికి సరిపోయింది, మీ మెడకూ సరిపోతుందనుకున్నాను పీరా గారూ. తొందరపడ్డాను. తొడ మీది చర్మం తీసి అక్కడ అతికించొచ్చని నరహరి గారు అంటున్నారు. మెడ కొంచెం బిగుసుకోవచ్చు, కొన్నాళ్ళు వాద్యం పట్టకూడదు. బాగా ఆలోచించుకుని...”

“వెయ్యండి,” అన్నాడు ఖాసింపీరా.

మౌలాబీ తలెత్తింది. తనను అడక్కుండా, ఎవరి వైపూ చూడకుండా చెప్పిన మాట అది.

“మూసేముందు ఇది ఎవరికన్నా పనికొచ్చిద్దా డాక్టరమ్మా?” అన్నాడు అతనే మళ్ళీ.

తిలోత్తమ తటపటాయించింది. తను విద్యార్థులకు చూపించేది మందుల్లో నానిన మెడలనీ, వాటిలో ధమనీ, సిరా, నరమూ అన్నీ ఒకే మట్టిరంగులో ఉంటాయనీ చెప్పింది. అవి నేర్చుకున్న చేతులే తర్వాత బతికున్న మెడను కోస్తాయి. ఇప్పుడు ఆస్పత్రిలో ఒకావిడ ఉంది. ఎక్కడో థైరాయిడ్ ఆపరేషన్ చేయించుకుంటే గొంతు నరం తెగింది. పిల్లల్ని పేరు పెట్టి పిలవలేకపోతోంది.

“కానీ నేను దానికోసం రాలేదండీ. మిమ్మల్ని అడగను.”

“మీరడగలా. నేనే అంటన్నా.”

పాఠం రోజున మౌలాబీ మళ్ళీ ముద్దపప్పూ నెయ్యీ పట్టుకెళ్ళింది. విద్యార్థులు మెట్ల వరసల్లో కిక్కిరిసి కూర్చున్నారు. పైన పెద్ద తెర మీద ఖాసింపీరా మెడ నిలువెత్తున కనిపిస్తోంది. కొందరు ఫోన్లు తీయబోతే తిలోత్తమ అన్నీ బయట పెట్టించింది. “ఇక్కడ ఒక మనిషి కూర్చున్నాడు. ముందు ఆయనకు నమస్కారం చెయ్యండి,” అంది. అందరూ లేచి చేశారు.

అతను ఖరహరప్రియ ఊదాడు. నరహరి ఒక కర్రతో తెర మీద చూపిస్తూ వచ్చాడు. గుండె దగ్గరిదాకా దిగి, అక్కడ మలుపు తిరిగి, మళ్ళీ గాలిగొట్టం వెంట గొంతుకు ఎక్కే సన్నటి నరం. థైరాయిడ్ గ్రంథి అంచున కందిగింజంత పసుపుచుక్క. “ఒంట్లో సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, అదుపు చేసే గ్రంథి ఇదే. కొవ్వుముక్క అనుకుని తీసేసేవాళ్ళున్నారు. రంగు బాగా చూసుకోండి.” సిర మీద వేసిన తొడుగు కింద ఊపిరి నరం నిబ్బరంగా, వదులుగా పడుకుని ఉంది. రాగం పై షడ్జం అందుకుని అక్కడే నిలిచింది. నరహరి కర్ర దించేశాడు. ఆ తర్వాత కాసేపు పాఠం లేదు. కూర్చున్నవాళ్ళు తెర వదిలి అతన్నే చూశారు, విన్నారు. చప్పట్లు పడ్డాయి. ఈసారి అవి ఎవరికో ఖాసింపీరాకు తెలిసింది. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముందు బెంచీలో ఒకమ్మాయి లేచి, “ఇంకోసారి వినొచ్చా సార్?” అని అడిగింది. తిలోత్తమ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

చర్మం అతికించేది మర్నాడు. మధ్యాహ్నం భార్యాభర్తలు వార్డు వరండాలో నీడన బల్ల మీద కూర్చున్నారు. అటుగా ఎవరూ రావడం లేదు. ఖాసింపీరా కండువా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“చూడు,” అన్నాడు. “రేపటి నుంచి కనపడదు. ఏమన్నా అడగాలంటే ఇప్పుడే అడుగు.”

మౌలాబీ మనసులో చాలా ఉన్నాయి. తనను చేసుకున్నందుకు ఏనాడన్నా విచారించాడా. పిల్లలు లేరని ఎంత బాధపడ్డాడు. ఆమె నోరు తెరిచింది. అతని ధమని అప్పటికే భయంభయంగా కొట్టుకుంటోంది. ఆమెకు జాలేసింది.

“ఆకలేస్తందా?” అంది.

అతను గుటక మింగాడు. మింగడం ఇద్దరికీ తెలిసింది. ముందు అతను నవ్వాడు, వెంటనే ఆమె. నవ్వు ఆ కిటికీలో ఎట్లా ఉంటుందో మౌలాబీ అంతవరకూ చూడలేదు. కోపం వస్తే ఒకటో రెండో కదిలేవి. నవ్వుకు మాత్రం అన్నీ కదిలాయి. గాలిగొట్టం ఎగిరింది, దాన్ని పట్టుకుని గ్రంథి ఎగిరింది, సిర నిండి పొంగింది, నరాలు తీగల్లా అదిరాయి. ఇంత పెద్ద గందరగోళం లోపల పెట్టుకుని బయటికి మామూలు మనిషిలా కూర్చున్నాడే అనుకునేసరికి ఆమెకు నవ్వు ఇంకా ఎక్కువైంది. ఒక నర్సు తొంగి చూసి, ఏమీ అర్థంకాక వెళ్ళిపోయింది.

చర్మం బాగానే అతుక్కుంది. కాస్త నల్లగా, మాసిక వేసినట్టు ఉంటుంది గానీ, మెడ అనుకున్నంత బిగుసుకోలేదు. కట్టు తీసేశాక వాద్యం పట్టొచ్చన్నాడు నరహరి. తేట మందును దీపాల వేడికి అతుక్కోకుండా తిరిగి తయారు చేయడానికి తిలోత్తమకు అనుమతి వచ్చింది. వీడ్కోలు చెబుతూ ఆవిడ, “ఈసారి నా మెడ మీద పూసుకుని చూసుకున్నాకే ఇంకొకరికి,” అంది. “మెడ జాగర్తమ్మా,” అన్నాడు ఖాసింపీరా.

ఇంటికి తీసుకెళ్ళడానికి బాజీ వచ్చాడు. గుంటూరులో చీరాల బండెక్కారు. బాజీ ముందుగా ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, పక్కన ఇద్దరికి చోటు పట్టాడు. సామాను సర్ది మౌలాబీ కూర్చోబోయింది. ఖాసింపీరా నిలబడే ఉన్నాడు.

“బాజీ,” అన్నాడు.

“ఏంది బావా?”

“నువ్విటు జరుగు. నేను కిటికీ పక్కన కూచుంటా. నాకు గాలి కావాల.”

బాజీ నోరు తెరుచుకుని అక్క వైపు చూశాడు. మౌలాబీ ఏమీ ఎరగనట్టు బయటికి చూసింది. బాజీ లేచి చోటిచ్చాడు. ఖాసింపీరా కిటికీ పక్కన కూర్చుని, అద్దం పైకెత్తి, చెయ్యి చువ్వల మీద పెట్టుకున్నాడు. బండి కదిలి ఊరు దాటింది.

“మల్లా ఎవరన్నా ఈ చోటు ఇమ్మంటే?” అంది మౌలాబీ, మెల్లగా అతనికే వినబడేట్టు.

“లెగను,” అన్నాడు ఖాసింపీరా.